ఆగితేనే కనిపిస్తుంది

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభలో సగం మంది నా క్లాసులో కూర్చున్నవాళ్లే. మైకు ముందు కాబట్టి "మీరు" అంటున్నాను. కిందికి దిగాక మాత్రం "ఏరా, పిల్లలెంతమంది?" అనే అడుగుతాను. పెద్ద ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు ఏమీ అనుకోకండి.

పిల్లలకు దేవుని సృష్టిని చూసి ఆనందించడం ఎలా నేర్పాలో మాట్లాడమని కార్యదర్శిగారు అడిగారు. ఇరవై నిమిషాలు ఇచ్చారు. జీవశాస్త్రం టీచరుకి ఇరవై నిమిషాలంటే కప్ప జీర్ణవ్యవస్థ కూడా పూర్తి కాదు. అందుకని ఒక్క మాటే చెప్పి, దాన్నే నాలుగు వైపుల నుంచి చూపిస్తాను. ఆ మాట ఇది: సృష్టిని చూడటం నేర్పాలంటే ముందు పిల్లవాడికి ఆగడం నేర్పాలి. ఆగనివాడికి చెట్టు కనిపించదు, పిట్ట కనిపించదు, పక్కవాడూ కనిపించడు.

మన బడి మిషన్ బడి. పొద్దున ప్రార్థన అయ్యాకే గంట కొడతారు. అయినా ఈ బెంచీల మీద అన్ని మతాల పిల్లలూ కూర్చున్నారు, ఇప్పుడూ కూర్చుంటున్నారు. నేను బైబిల్లోంచి కొన్ని సంగతులు చెప్తాను. మీ ఇంట్లో దేవుణ్ణి ఏ పేరుతో పిలిచినా, ఈ మాటలు మీ పిల్లలకు పనికొస్తాయనే నమ్మకంతో చెప్తాను.

రిటైరయ్యాక కూడా నేను వారానికి ఒకసారి బడికి వస్తున్నాను. ఈమధ్య తొమ్మిదో తరగతి పిల్లల్ని ఒక చిన్న ప్రశ్న అడిగాను. "నిన్న రాత్రి చంద్రుడు ఎలా ఉన్నాడు? సగమా, నిండుగానా, అసలు లేడా?" నలభై మందిలో ముగ్గురు చేతులెత్తారు. అందులో ఒకడు "మా ఇంట్లో కరెంటు పోయింది టీచర్, అందుకని డాబా మీదికెళ్లాం" అన్నాడు. ఆ పిల్లలందరికీ చంద్రకళల పాఠం వచ్చు. బొమ్మ గీయమంటే తప్పు లేకుండా గీస్తారు. వాళ్లకి తెలియక కాదు, తల ఎత్తే తీరిక లేక చూడలేదు.

పదో తరగతి పిల్లవాడి రోజు ఎలా గడుస్తుందో మీకు తెలుసు. తెల్లవారుజామున ఐదింటికి లేపుతారు. ట్యూషను, బడి, స్టడీ అవరు, మళ్లీ ట్యూషను. పడుకునేసరికి పదకొండు. ఆదివారం వారాంతపు పరీక్ష. ఇంటర్‌లో హాస్టల్లో చేరితే ఆకాశం కనిపించేది గదికీ మెస్సుకీ మధ్య దారిలోనే. సెలవు అనేది మందులాగా, మరీ తప్పనిసరి అయితేనే ఇస్తున్నాం.

మా కాలం స్వర్గమని చెప్పడానికి నేను రాలేదు. నా తరగతిలో సగం మందికి చెప్పులు లేవు. నాట్ల రోజుల్లో, కలుపుల రోజుల్లో బడి మానేసిన ఆడపిల్లలు నా పక్కనే కూర్చునేవాళ్లు. వాళ్లలో కొందరు మళ్లీ రాలేదు. ఈ సభలో వాళ్లు లేరు. కాబట్టి పాత రోజులు తిరిగి రావాలని కోరుకోవడం లేదు. అప్పుడు కూలిపని లాక్కున్న తీరికను ఇప్పుడు పరీక్ష లాక్కుంటోంది. లాక్కునేది మారింది, పిల్ల మాత్రం అదే పిల్ల.

ఇప్పుడు ఆదికాండం సంగతికి వద్దాం. సృష్టి అక్కడ ఆరు రోజుల పనిగా ఉంటుంది. వెలుగు, ఆకాశం, నేల, చెట్లు, సూర్యచంద్రులు, చేపలు, పక్షులు, జంతువులు. ఆ పని మధ్యమధ్యలో దేవుడు ఆగి, చేసినదాన్ని చూసుకుని, బాగుందని మెచ్చుకున్నాడు. మనిషిని చేసింది ఆరో రోజు. ఏడో రోజు దేవుడు విశ్రమించాడు. ఇక్కడ చిన్న లెక్క ఉంది, ఆదివారం బడిలో పిల్లలతో నేను వేయించే లెక్క. దేవుడికి అది ఏడో రోజు. మనిషికో? అతని మొట్టమొదటి పూర్తి రోజు! అంటే మనిషి బతుకు పనితో మొదలవలేదు, విశ్రాంతితో మొదలైంది. ఒక్క గింజ నాటకముందే, ఒక్క మార్కు రాకముందే అతనికి ఒక రోజు ఇచ్చారు. చుట్టూ ఏముందో చూసుకోవడానికి.

మనం పిల్లలకు చెప్తున్నది సరిగ్గా తలకిందులు. "ముందు ర్యాంకు తెచ్చుకో, సీటు తెచ్చుకో, ఉద్యోగం తెచ్చుకో, ఆ తర్వాత కావలసినంత విశ్రాంతి" అంటున్నాం. ఆ తర్వాత అనేది రాదని ఈ సభలో ఉన్న ఉద్యోగస్తులందరికీ తెలుసు. విశ్రాంతిని జీతంలాగా ఇస్తే అది ఎప్పుడూ బాకీగానే ఉండిపోతుంది. అక్కడ దాన్ని జీతంగా ఇవ్వలేదు, కానుకగా ఇచ్చారు.

ఇంకొక సంగతి. విశ్రాంతి దినం ఆజ్ఞలో ఎవరెవరున్నారో చూడండి. యజమాని ఒక్కడే కాదు. కొడుకు, కూతురు, దాసుడు, దాసి, ఊళ్లోకి వచ్చిన పరదేశి, చివరికి ఎద్దు, గాడిద కూడా ఉన్నాయి. ఏడో ఏట పొలానికీ సెలవివ్వాలన్నారు. ఆ ఏడు తనంతట తాను మొలిచింది పేదవాళ్లకి, మిగిలితే అడవి జంతువులకి. అంటే విశ్రాంతి కలిగినవాళ్ల సుఖం కాదు. అది బలహీనుల హక్కు. ఈ మాట గుర్తుంచుకోండి, చివర్లో మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

ఇది ఎక్కడో ఎడారి దేశపు ఆచారం, మనకెందుకు అనుకోకండి. మన నేలకీ ఈ సంగతి తెలుసు. కనుమ నాడు కాకైనా కదలదంటారు పెద్దవాళ్లు. ఆ రోజు పశువుల్ని కడిగి, కొమ్ములకి రంగులు పూసి, దండలు వేసి, కాడి మీద పెట్టకుండా వదిలేస్తారు. ఏడాదంతా మన కోసం మెడ వంచిన జీవానికి ఒక రోజు మనం చేసే కొలువు అది. ఇప్పుడు ఊళ్లో ఎద్దులు తగ్గిపోయి ట్రాక్టర్లు వచ్చాయి. ట్రాక్టరుకి విశ్రాంతి అక్కర్లేదు. మనం పిల్లల్ని ట్రాక్టర్ల లెక్కలో వేసేశామేమోనని నా భయం.

సముద్రానికీ సెలవుంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మరబోట్ల వేట ఆపేస్తారు. అది చేపలు, రొయ్యలు గుడ్లు పెట్టి పిల్లలు చేసే కాలం. ఆ రెండు నెలలు ఆగితేనే తర్వాత వలలో ఏమైనా పడుతుంది. ఆ రోజుల్లో మత్స్యకారుడి ఇల్లు గడవాలి కాబట్టి ప్రభుత్వం భృతి ఇస్తుంది. చూశారా, విశ్రాంతి ఇవ్వాలంటే ఎవరో ఒకరు దాని ఖర్చు భరించాలి. ఊరికే ఉపదేశం చేస్తే సరిపోదు.

పొలం సంగతి రైతుబిడ్డలకి నేను చెప్పక్కర్లేదు. వరి కోసిన నేలలో జీలుగో, జనుమో చల్లి, పూతకి రాగానే కలియదున్నుతారు. చూసేవాడికి ఆ నేల పంట లేకుండా ఖాళీగా పడి ఉన్నట్టుంటుంది. కానీ జీలుగ వేరు పీకి చూడండి, చిన్నచిన్న బుడిపెలుంటాయి. వాటిలో ఉండే బాక్టీరియా గాలిలో నత్రజనిని పట్టి మొక్కకి అందిస్తుంది. ఆ మొక్క నేలలో కలిసి తర్వాతి పంటకి ఎరువవుతుంది. పైకి ఖాళీ, లోపల పని. విశ్రాంతి అంటే సోమరితనం కాదని పిల్లలకి చెప్పడానికి ఇంతకంటే మంచి పాఠం నాకు దొరకలేదు. ఈ పాఠాన్ని బోర్డు మీద కాకుండా గట్టు మీద చెప్పాలి.

మన బడి తూర్పు వైపున నాలుగు నిద్రగన్నేరు చెట్లున్నాయి. మీలో చాలామంది వాటి కిందే అన్నం డబ్బాలు తెరిచారు. సాయంత్రమయ్యేసరికి ఆ చెట్ల ఆకులు ముడుచుకుంటాయి. చింతాకూ అంతే, ఉసిరాకూ అంతే. ఆకు మొదట్లో చిన్న మెత్తలాంటి ఉబ్బు ఉంటుంది. అందులోని కణాల్లోకి నీరు వచ్చినప్పుడు ఒకలాగా, పోయినప్పుడు ఇంకొకలాగా ఆకు కదులుతుంది. సరే, చీకటి పడింది కాబట్టి ముడుచుకుంటుంది అనుకుంటాం. 1729లో ఫ్రాన్సు దేశంలో ద మైరాన్ అనే శాస్త్రవేత్తకి ఒక అనుమానం వచ్చింది. అత్తిపత్తి లాంటి మొక్కని తీసుకెళ్లి వెలుతురు తగలని చోట పెట్టాడు. సూర్యుడు కనిపించకపోయినా అది పగటివేళకి తెరుచుకుంది, రాత్రివేళకి ముడుచుకుంది. గడియారం బయట లేదు, మొక్క లోపలే ఉంది!

అదే గడియారం మనలోనూ ఉంది. అది కణాల్లో ఎలా నడుస్తుందో కనిపెట్టినందుకు 2017లో ముగ్గురు శాస్త్రవేత్తలకి నోబెల్ బహుమతి ఇచ్చారు. పిల్లలు ఎదిగే వయసులో ఆ గడియారం కాస్త ఆలస్యంగా నడుస్తుంది. అందుకే పద్నాలుగేళ్ల పిల్లవాడికి రాత్రి తొందరగా నిద్ర రాదు, పొద్దున తొందరగా మెలకువ రాదు. దాన్ని మనం బద్ధకం అని తిడతాం. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకి రోజుకి 9 నుంచి 12 గంటలు, పదమూడు నుంచి పద్దెనిమిదేళ్లవాళ్లకి 8 నుంచి 10 గంటలు నిద్ర కావాలని నిద్ర వైద్య నిపుణులు చెప్తున్నారు. పదకొండుకి పడుకోబెట్టి ఐదుకి లేపితే ఆరు గంటలు. చదివినదాన్ని మెదడు సర్దుకుని దాచుకునేది నిద్రలోనే. ఎదుగుదలకి కావలసిన హార్మోను ఎక్కువగా విడుదలయ్యేదీ గాఢనిద్రలోనే. అంటే నిద్ర కోసి చదివించడం, విత్తనాలు చల్లి నీళ్లు ఆపెయ్యడం లాంటిది. నిద్రగన్నేరుకి మనం ఇచ్చే మర్యాద మన పిల్లలకీ ఇద్దాం. సాయంత్రం దాని ఆకుల్ని ఎవరూ బలవంతంగా విప్పరు కదా.

ఆగడం అయింది. ఇక చూడటం ఎలా నేర్పాలి?

ముందు ఒక హెచ్చరిక. ప్రకృతిని ప్రేమించండి అని ఉపన్యాసం ఇస్తే పిల్లలు నోట్సు రాసుకుంటారు, అంతే. పరీక్ష పెడితే ప్రకృతి ప్రేమ మీద పది పాయింట్లు రాస్తారు. ప్రేమ మాత్రం రాదు. దానికి ఇంకొక దారి కావాలి.

సాలిం అలీ పేరు మీకు తెలుసు. ఆయన చిన్నతనంలో ఎయిర్‌గన్‌తో ఒక పిచుకని కొట్టాడు. దాని గొంతు మీద పసుపుపచ్చ మచ్చ చూసి, ఇదేం పిట్టో తెలుసుకోవాలని బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి పట్టుకెళ్లాడు. అక్కడి కార్యదర్శి మిల్లార్డ్ ఆ పిల్లవాణ్ణి గదమాయించి పంపెయ్యలేదు. అది ఏ పిట్టో చెప్పి, భద్రపరిచిన పక్షుల సొరుగులు ఒక్కొక్కటీ తెరిచి చూపించాడు. ఒక పెద్దమనిషి ఒక పిల్లవాడి కోసం కాసేపు తన పని ఆపుకున్నాడు. ఆ తర్వాత ఆ పిల్లవాడు దేశంలో పక్షిశాస్త్రానికే పెద్దదిక్కయ్యాడు. 1931, 32 సంవత్సరాల్లో హైదరాబాదు సంస్థానమంతా తిరిగి పక్షుల సర్వే చేసినదీ ఆయనే. తన జీవితకథకి ఆ పిచుక పేరే పెట్టుకున్నాడు. తలుపు కొట్టిన పిల్లవాడికి సొరుగు తెరవడమే మన పని. ఉపాధ్యాయులకి నేను చెప్పగలిగింది ఇంతే.

రెండో సంగతి మన కడప జిల్లాది. కలివికోడి అనే పక్షి ఉంది. రాత్రిపూట తిరుగుతుంది, పొదల్లో దాక్కుంటుంది. 1900 తర్వాత శాస్త్రవేత్తలకి ఎక్కడా కనిపించలేదు. అంతరించిపోయిందనే అనుకున్నారు. కానీ లంకమల ప్రాంతంలో పక్షులు పట్టుకునేవాళ్లకి అది తెలుసు. కలివి పొదల్లో తిరుగుతుంది కాబట్టి వాళ్లే దానికి ఆ పేరు పెట్టుకున్నారు. 1986లో అక్కడి మనిషే దాన్ని పట్టి తెచ్చి ఇస్తే, ఎనభై ఏళ్లకి పైగా లేదనుకున్న పక్షి ఉందని ప్రపంచానికి తెలిసింది. దాని కోసం అభయారణ్యం పెట్టారు, తెలుగుగంగ కాలువ దారి కూడా మార్చారు. దీంట్లో పిల్లలకి రెండు నీతులున్నాయి. మనకి కనిపించనిదల్లా లేనట్టు కాదు. చదువుకోనివాడికి చూడటం రాదనుకోవడం చదువుకున్నవాడి అహంకారం. మీ ఊళ్లో మేకలు కాసే తాతని, చెట్టెక్కి కల్లు గీసే మామని, వల వేసే బాబాయిని పిల్లల దగ్గర కూర్చోబెట్టండి. వాళ్లూ ఉపాధ్యాయులే.

మూడోది మదనపల్లె దగ్గర రిషివ్యాలీ పాఠశాలది. జిడ్డు కృష్ణమూర్తిగారు స్థాపించిన బడి. అక్కడ అస్తాచల్ అని ఒక అలవాటు ఉంది. సాయంత్రం పిల్లలందరూ ఒకచోట కూర్చుని, ఏమీ మాట్లాడకుండా సూర్యాస్తమయం చూస్తారు. అంతే. ప్రశ్నలు లేవు, మార్కులు లేవు. దానికి భవనం అక్కర్లేదు, నిధులు అక్కర్లేదు. మన బడికీ పడమర దిక్కు ఉంది, సూర్యుడు మన ఊళ్లోనూ అస్తమిస్తున్నాడు.

ఇప్పుడు నేను పిల్లలతో చేయిస్తున్నది చెప్తాను. దానికి పెట్టుబడి ఒక ఇరవై రూపాయల నోటు పుస్తకం. దాని పేరు కార్తె పుస్తకం. మన రైతులు ఏడాదిని 27 కార్తెలుగా లెక్కపెడతారు. ఒక్కొక్కటి పదమూడు, పద్నాలుగు రోజులు. ఒక్కొక్క కార్తెకి ఒక్కొక్క పేజీ. పిల్లవాడు బడి ఆవరణలోనో ఇంటి దగ్గరో ఒక చోటు ఎంచుకోవాలి. కార్తెకి ఒకసారి అదే చోట ఇరవై నిమిషాలు ఊరికే కూర్చోవాలి. ఫోను ఉండదు, పక్కన స్నేహితుడు ఉండడు. తర్వాత చూసింది రాయాలి, లేదా బొమ్మ వెయ్యాలి. బడులు తెరిచేది జూన్ 12న, అంటే మృగశిర కార్తెలో. పుస్తకం కూడా అక్కడే మొదలవుతుంది.

మొదటి ఐదు నిమిషాలు ఏమీ కనిపించదు. పిల్లలు గోళ్లు గిల్లుకుంటారు. పదో నిమిషానికి చీమల బారు కనిపిస్తుంది. పదిహేనో నిమిషానికి, మనిషి కదలడం లేదని నమ్మకం కుదిరి, ఉడుత కిందికి దిగుతుంది. ఇది నేను ఏటా చూస్తున్నాను. ముందు పిల్లవాడు ఆగాలి, అప్పుడే ఉడుత వస్తుంది.

మృగశిర పేజీలో తొలకరి మట్టి వాసన రాశారు. ఆ వాసన ఎక్కడిదని ఒకమ్మాయి అడిగింది. నేలలో ఉండే ఒక రకం సూక్ష్మజీవులు తయారుచేసే పదార్థం వాన పడినప్పుడు గాలిలో కలుస్తుంది, అదే ఆ వాసన అని చెప్పాను. ఆరుద్ర పేజీలో ఎర్ర ముఖమల్ ముక్కలాంటి ఆరుద్ర పురుగు వచ్చింది. ఆరో తరగతి పిల్లవాడు పరిగెత్తుకొచ్చి, "టీచర్, పురుగుకి ఆరు కాళ్లే ఉంటాయన్నారు, దీనికి ఎనిమిదున్నాయి!" అన్నాడు. పుస్తకంలో ఉన్న నియమం సరైనదే, పిల్లవాడి లెక్కా సరైనదే. అది పేరుకే పురుగు. నిజానికి సాలీడుకి చుట్టం. ఆ రోజు వాడికి ఆ తేడా నేను నేర్పలేదు, ఆ జీవి నేర్పింది.

వానాకాలంలో పిల్లలు గిజిగాడి గూళ్ల దగ్గరికి చేరతారు. కాలవ గట్టు మీద తాటిచెట్లకి, ఈతచెట్లకి వేలాడుతుంటాయి. మగ పిట్ట వరి ఆకుల్ని, తాటాకుల్ని సన్నటి పీచులుగా చీల్చి సగం గూడు అల్లుతుంది. ఆడ పిట్ట వచ్చి, గూడు పట్టుకుని ఊగి, లోపలికి వెళ్లి చూస్తుంది. నచ్చితేనే మిగతా గూడు. నచ్చకపోతే మగ పిట్ట మళ్లీ ఇంకొకటి మొదలుపెడుతుంది. "మా నాన్న ఇల్లు కట్టేటప్పుడు మా అమ్మ కూడా ఇలాగే చేసింది టీచర్" అన్నాడొకడు. గూళ్లు ఎక్కువగా చెట్టుకి తూర్పు వైపునే ఎందుకున్నాయని ఇంకొకరు అడిగారు. నైరుతి గాలీవానా తగలకుండా ఉండటానికి అయ్యుంటుందని మళ్లీ వాళ్లే తేల్చారు. నేను ఒక్క ముక్క చెప్పలేదు.

బైబిల్లో యోబు అనే ఆయన కథ ఉంది. సర్వం పోగొట్టుకుని, ఎందుకిలా చేశావని దేవుణ్ణి నిలదీస్తాడు. దేవుడు సమాధానం చెప్పకుండా తిరిగి ప్రశ్నలు వేస్తాడు. కొండమేక ఈనే వేళ నీకు తెలుసా, డేగకి ఎగరడం నువ్వు నేర్పావా అన్న ధోరణిలో వరసగా అడుగుతూ పోతాడు. చిన్నప్పుడు ఆ భాగం నాకు అర్థమయ్యేది కాదు. పాఠాలు చెప్పడం మొదలుపెట్టాక అర్థమైంది. మన బాధ కంటే, మన లెక్కల కంటే లోకం పెద్దదని తెలియడం కూడా ఒక ఓదార్పు. మార్కులు తగ్గిన రోజున పిల్లవాడికి లోకమంతా ఆ ప్రోగ్రెస్ కార్డే అయిపోతే ప్రమాదం. వాడికి వెళ్లి కూర్చోవడానికి ఒక చెట్టు తెలిసి ఉండాలి. ఎందుకు చెప్తున్నానో తల్లిదండ్రులకి వివరించక్కర్లేదు. పరీక్షా ఫలితాలు వచ్చిన మర్నాడు పేపరు తెరవడానికి చేతులు వణికే రోజుల్లో ఉన్నాం.

ఇక మీ మనసులో ఉన్న ప్రశ్నలు. "పోటీ అలా ఉంది టీచర్, మా పిల్లవాడు వెనకబడితే?" అని అడుగుతారు. వారానికి ఒక రోజు, రోజుకి ఇరవై నిమిషాలు నేను అడుగుతున్నది. అది ఇచ్చినందువల్ల వెనకబడే చదువు చదువు కాదు. "పాములుంటాయి, ఎండ" అంటారు. ఉంటాయి. చెప్పులు వేసి పంపండి, పెద్దవాళ్లు తోడుండండి, పొద్దునా సాయంత్రం వెళ్లండి. భయాన్ని పోగొట్టేది తలుపు వేసుకోవడం కాదు, జాగ్రత్త నేర్పడం.

మూడో ప్రశ్న ఎవరూ అడగరు కాబట్టి నేనే అడుగుతాను. ఆదివారం ఎవరికి సెలవు? నా క్లాసులో ఏడో తరగతి అమ్మాయి కార్తె పుస్తకంలో పేజీ ఖాళీగా వదిలేసింది. కారణం అడిగితే, "ఆదివారం బట్టలన్నీ ఉతకాలి టీచర్, తమ్ముణ్ణి చూసుకోవాలి. కూర్చుంటే అమ్మ తిడుతుంది" అంది. వాళ్లమ్మని తప్పు పట్టలేను, ఆవిడ ఆదివారం కూడా ఇళ్లలో పనికి వెళ్తుంది. ఇందాక గుర్తుంచుకోమన్న మాట ఇదే. ఆ ఆజ్ఞలో కొడుకుతో పాటు కూతురు ఉంది, దాసి ఉంది. మన ఇంట్లో పనిచేసే మనిషికి వారానికి ఒక రోజు జీతం కోయకుండా సెలవిస్తే, ఎక్కడో ఒక పిల్ల పేజీ నిండుతుంది. మత్స్యకారుడికి భృతి ఇచ్చినట్టే ఇది. మన విశ్రాంతిని ఇంకొకరి వీపు మీద మోయించి, దాన్ని దేవుడి రోజు అనడం నాకు చేతకాదు.

చివరగా, సంఘాన్ని మూడు కోరికలు కోరతాను.

మొదటిది. స్వర్ణోత్సవ నిధితో కొత్త కంప్యూటర్ బ్లాకు కట్టాలనుకుంటున్నారు. మంచి ఆలోచన, నేనూ నా వంతు ఇచ్చాను. కానీ ప్లానులో దాని చోటు తూర్పు వైపు, ఆ నాలుగు నిద్రగన్నేరు చెట్ల దగ్గర గీశారు. పాత సైన్సు బ్లాకు మీద ఇంకొక అంతస్తు వెయ్యవచ్చేమో ఇంజనీర్లయిన మన విద్యార్థులు చూడండి. అలాంటి చెట్టు కావాలంటే మళ్లీ యాభై ఏళ్లు ఆగాలి. అది శతాబ్ది ఉత్సవాల మాట.

రెండోది. పదో తరగతితో సహా ఆదివారం క్లాసులు, పరీక్షలు ఆపేద్దాం. ప్రధానోపాధ్యాయులు ఒక్కరే ఈ నిర్ణయం తీసుకుంటే తల్లిదండ్రులు ఒప్పుకోరు. మీరు పక్కన నిలబడాలి. ఈ బడిలో చదివి పైకొచ్చిన డాక్టర్లు, కలెక్టరాఫీసు ఉద్యోగులు, వ్యాపారస్తులు "మాకు ఆదివారాలు ఉండేవి" అని ఆ తల్లిదండ్రులకి చెప్పాలి. మీ మాట వింటారు.

మూడోది డబ్బుతో పని లేనిది. నెలకి ఒకరు, అరగంట, ఆ చెట్ల కింద పిల్లలతో కూర్చోండి. మీలో రైతులున్నారు, పశువుల డాక్టర్లున్నారు, రేవులో పనిచేసేవాళ్లున్నారు. అమెరికా నుంచి వచ్చినవాళ్లు మీ పిల్లల్ని కూడా తీసుకురండి. వాళ్లకి తెలుగు రాకపోయినా ఉడుత భాష అందరికీ ఒకటే. ఉపన్యాసం ఇవ్వకండి. మీకు తెలిసిన ఒక్క చెట్టునో పిట్టనో చూపించి, మిగతా సేపు ఊరుకోండి.

మిమ్మల్ని ఈ గదుల్లో ఎన్నో ఏళ్లు "కదలకుండా కూర్చోండి" అని అరిచాను. ఆ మాటే ఈరోజు వేరే అర్థంతో చెప్తున్నాను. వారానికి ఒక రోజైనా, పిల్లల పక్కన, కదలకుండా కూర్చోండి. మనం ఏమీ చెయ్యకపోయినా తెల్లవారుతోందని, వాన పడుతోందని, చెట్టు పూస్తోందని వాళ్లకి తెలియాలి. అది తెలిసిన పిల్లలు ఎవరు నేర్పకపోయినా చేతులు జోడిస్తారు.

ఇరవై నిమిషాలు దాటాయి. కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు, ఆయన కూడా నా శిష్యుడే కాబట్టి ఏమీ అనలేకపోతున్నారు.  దేవుడు మిమ్మల్నీ మీ పిల్లల్నీ చల్లగా చూడాలి.